అడ్రసు లేని చొక్కా

కట్టుబట్ట కథ – 9వ భాగం

కిందటి భాగం న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ ఫ్యాక్టరీ మంటల దగ్గర ఆగింది. 1911 మార్చి 25న ఆ మంటల్లో 146 మంది పోయారు. అంతకు పన్నెండేళ్ళ ముందే, 1899లో, ఫ్లోరెన్స్ కెల్లీ నడిపిన జాతీయ వినియోగదారుల సంఘం ‘వైట్ లేబుల్’ను మొదలుపెట్టిన సంగతీ చెప్పుకున్నాం. సంఘం మనుషులు వెళ్ళి చూసి, పిల్లలతో పని చేయించడం లేదని, సరుకును మురికివాడల ఇళ్ళకు పంపి కుట్టించడం లేదని తేల్చుకున్నాకే ఆ ఫ్యాక్టరీ లోదుస్తులకు ఆ చీటీ దక్కేది. కెల్లీకి ఒక వెసులుబాటు ఉండేది. ఆమె చూడాల్సిన ఫ్యాక్టరీ రైలెక్కితే చేరుకునేంత దూరంలో ఉండేది.

ఇరవయ్యో శతాబ్దం చివరి పాతికేళ్ళలో ఆ వెసులుబాటు పోయింది. కుట్టుపని కొరియాకు, ఫిలిప్పీన్స్‌కు, హోండురాస్‌కు, ఇండోనేసియాకు, బంగ్లాదేశ్‌కు వలస పోయింది. ఎక్కడ కూలి తక్కువైతే అక్కడికి ఆర్డరు. కాలరు వెనక చీటీ మీద దేశం పేరు ఒక్కటే మిగిలింది. ఏ ఊరు, ఏ వీధి, ఏ యజమాని అన్నది అమ్మే కంపెనీ బీరువాలో పడింది. అడిగితే ‘వ్యాపార రహస్యం’ అనేవారు. ఆ రహస్యాన్ని బయటికి లాగడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది.

1988లో ఫిలిప్పీన్స్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీ, చట్టప్రకారం రావలసిన కనీస కూలి అడిగిన ఆడవాళ్ళ మొహం మీదే గేటు మూసేసింది. అక్కడ కుట్టిన సరుకులో కొంత సీ అండ్ ఏ అనే పెద్ద యూరప్ దుకాణాలకు వెళ్ళేది. కబురు ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. అక్కడి మహిళా కార్యకర్తలు సీ అండ్ ఏ దుకాణం ముందు నిలబడి అడిగారు. ఫ్యాక్టరీ మాది కాదు, కాబట్టి ఆ గొడవతో మాకు సంబంధం లేదు అన్నది కంపెనీల వాదన. మరుసటి ఏడు పుట్టిన ‘క్లీన్ క్లోత్స్ కాంపెయిన్’కు ఈ జవాబే పెట్టుబడి. అమ్మేవాడికి బాధ్యత అంటగట్టాలంటే ముందు సరుకు ఎక్కడ కుట్టారో రుజువు కావాలని వాళ్ళకు అప్పుడే తెలిసింది.

అమెరికాలో ఈ సంగతి జనానికి ఎక్కింది 1996లో, అదీ టీవీ పుణ్యమా అని. కేథీ లీ గిఫర్డ్ అని పేరున్న వ్యాఖ్యాత. ఆమె పేరుతో వాల్‌మార్ట్ బట్టలు అమ్మేది. అమ్మకంలో కొంత భాగం పిల్లల సహాయ నిధికి వెళ్తుందని ట్యాగు మీద రాసి ఉండేది. ఆ బట్టల్ని హోండురాస్‌లో పదమూడు, పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలు కుడుతున్నారని, గంటకు 31 సెంట్ల కూలి అని ఛార్లెస్ కెర్నగన్ అనే కార్యకర్త అమెరికన్ కాంగ్రెస్ ముందు చెప్పాడు. గిఫర్డ్ టీవీలో కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మండిపడింది, ఆ తరవాత ప్రెసిడెంట్ క్లింటన్ పక్కన నిలబడి సంస్కరణల గురించి మాట్లాడింది. కెర్నగన్ పనితనాన్ని తక్కువ చేయలేం గానీ, ఒక తార ఏడుపు మీద నిలబడిన ఉద్యమం ఆ ఏడుపు ఆగాక ఎటు పోతుంది? కంపెనీలు, సంఘాలు కలిసి కూర్చున్న కమిటీ ఒకటి ఏర్పడింది. కమిటీ కదా, మాట్లాడుతూ ఉండిపోయింది.

పట్టు దొరికింది వేరే చోట, ఎవరూ ఊహించని చోట: విశ్వవిద్యాలయాల్లో.

మన ఊళ్ళలో డ్యూక్ అనో మిషిగన్ అనో పెద్ద అక్షరాలున్న హుడీ వేసుకుని పొద్దున వాకింగ్‌కు వెళ్ళే నాన్నల్ని చూస్తూనే ఉంటాం. కొడుకో కూతురో పంపిన బట్ట. ఆ అక్షరాలకు అమెరికాలో పెద్ద బజారు ఉంది. విశ్వవిద్యాలయం తన పేరును, గుర్తును వాడుకోవడానికి నైకీ లాంటి కంపెనీలకు లైసెన్సు ఇస్తుంది, అమ్మకం మీద రాయల్టీ తీసుకుంటుంది. విద్యార్థులు పట్టుకున్నది ఈ లంకెనే. వాల్‌మార్ట్‌ను ఒక విద్యార్థి ఏమీ చేయలేడు. కానీ తన విశ్వవిద్యాలయం లైసెన్సు ఇచ్చేటప్పుడు ఏ షరతు పెట్టాలో అడగగలడు, ఆ సంతకం పెట్టే అధ్యక్షుడి గది తన హాస్టలుకు నాలుగడుగుల దూరం.

1998లో బట్టల కార్మికుల యూనియన్ యునైట్ ఒక నివేదిక తెచ్చింది. డొమినికన్ రిపబ్లిక్‌లో విల్లా అల్తగ్రాసియా అనే ఊరు, అక్కడ బీజే అండ్ బీ అనే టోపీల ఫ్యాక్టరీ. విశ్వవిద్యాలయాల పేర్లున్న టోపీలు అక్కడ కుట్టేవారు. దుకాణంలో టోపీ ధర దాదాపు 20 డాలర్లు, కుట్టినవాళ్ళందరికీ కలిపి దక్కేది 8 సెంట్లు. అక్కడి కార్మికులు ఇద్దరు అమెరికా వచ్చి ఊరూరా విశ్వవిద్యాలయాల్లో మాట్లాడారు. టోపీ పెట్టుకున్న కుర్రాడికీ టోపీ కుట్టిన మనిషికీ ఒకే గదిలో మాటలు కలిశాయి. అదే ఏడు ‘యునైటెడ్ స్టూడెంట్స్ అగైనెస్ట్ స్వెట్‌షాప్స్’ ఏర్పడింది.

వాళ్ళ డిమాండ్లలో జీవనవేతనం ఉంది, యూనియన్ పెట్టుకునే హక్కు ఉంది. కానీ పోరు ముదిరింది చూడ్డానికి చాలా చిన్నదిగా కనిపించే ఒక కోరిక మీద: ఫ్యాక్టరీల పేర్లు, అడ్రసులు అందరికీ తెలిసేలా ప్రకటించాలి. లైసెన్సుల వ్యవహారం చూసే సంస్థ తయారుచేసిన నియమావళిలో ఆ మాట లేదు. 1999 జనవరి చివర్లో డ్యూక్ విద్యార్థులు అధ్యక్షురాలి కార్యాలయంలో బైఠాయించారు. 31 గంటలు. ఏడాదిలోగా అడ్రసులు రాకపోతే ఆ నియమావళి నుంచి తప్పుకుంటామని విశ్వవిద్యాలయం ఒప్పుకుంది. వారం తిరక్కుండానే జార్జ్‌టౌన్‌లో అలాంటిదే, 85 గంటలు. తరవాత విస్కాన్సిన్, మిషిగన్, నార్త్ కరోలినా. ఏప్రిల్‌లో అరిజోనా వాళ్ళు 225 గంటలు కూర్చున్నారు, అంటే తొమ్మిది రోజులకు పైగా.

కంపెనీల వాదన కూడా వినాలి. అడ్రసు చెప్తే పోటీదారు వచ్చి మా ఫ్యాక్టరీని ఎగరేసుకుపోతాడు, మా డిజైను కాపీ కొడతాడు అన్నారు. ఈ వాదన కుట్టు ఫ్యాక్టరీ లోపలికి ఒక్కసారి వెళ్ళినవాళ్ళ ముందు నిలవదు. ఒకే హాల్లో ఈ లైనులో ఒక బ్రాండు, పక్క లైనులో దాని పోటీ బ్రాండు. రెండింటి ట్యాగులూ ఒకే ప్యాకింగ్ బల్ల మీద గుట్టలుగా పడి ఉంటాయి. పోటీదారుకు తెలియని రహస్యం అందులో ఏమీ లేదు. తెలియనిది చొక్కా కొనేవాడికే.

1999 అక్టోబరులో నైకీ దిగొచ్చింది. అయిదు విశ్వవిద్యాలయాల బట్టలు కుట్టే 40కి పైగా ఫ్యాక్టరీల పేర్లు, అడ్రసులు ప్రకటించింది. ఆకాశం విరిగి పడలేదు. కోపం మాత్రం మిగిలింది. 2000 ఏప్రిల్‌లో ఒరెగాన్ విశ్వవిద్యాలయం, విద్యార్థుల పట్టుతో పుట్టిన ‘వర్కర్ రైట్స్ కన్సార్టియం’ అనే తనిఖీ సంస్థలో చేరగానే, ఆ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థి, నైకీ అధినేత ఫిల్ నైట్ తాను ఇస్తానన్న 3 కోట్ల డాలర్ల విరాళాన్ని వెనక్కి తీసుకున్నాడు.

అడ్రసు దొరికితే ఏమవుతుందో తొమ్మిది నెలల్లో తేలింది. మెక్సికోలో అత్లిష్కో అనే ఊళ్ళో కుక్‌డాంగ్ అని కొరియా యజమానుల ఫ్యాక్టరీ. నైకీ, రీబాక్‌లకు విశ్వవిద్యాలయాల స్వెట్‌షర్టులు కుట్టేది. 2000 డిసెంబరులో క్యాంటీన్ తిండి మీద గొడవ మొదలైంది. పురుగులు పట్టిన మాంసం పెడుతున్నారని కార్మికులు భోజనం మానేశారు. ముందుండి మాట్లాడిన అయిదుగురు సూపర్‌వైజర్లను యాజమాన్యం తీసేసింది. జనవరి 9న పని ఆగిపోయింది. ఫ్యాక్టరీలో దాదాపు అందరూ, ఎక్కువ మంది ఆడపిల్లలు, ఆవరణలోనే కూర్చున్నారు. రెండు రోజులకు పోలీసులు వచ్చి కొట్టి చెదరగొట్టారు.

మామూలుగా అయితే కథ అక్కడితో సరి. మెక్సికోలో ఒక చిన్న ఊరి సమ్మె అమెరికాలో ఎవరికి పట్టింది? ఈసారి కుక్‌డాంగ్ పేరు నైకీ ప్రకటించిన పట్టికలో ఉంది. ఏయే విశ్వవిద్యాలయాల బట్టలు అక్కడ కుడుతున్నారో విద్యార్థులకు తెలుసు. రోజుల వ్యవధిలో కన్సార్టియం బృందం అత్లిష్కోలో దిగి, కార్మికులతో మాట్లాడి, జనవరి నెలాఖరులోపే ప్రాథమిక నివేదిక ఇచ్చింది. నైకీ దుకాణాల ముందు ప్రదర్శనలు. నైకీ తన తరఫున వేరే పరిశీలకుల్ని పంపక తప్పలేదు, వాళ్ళు చెప్పిందీ దాదాపు అదే. తీసేసినవాళ్ళను తిరిగి తీసుకున్నారు. యాజమాన్యం తన కీలుబొమ్మ సంఘాన్ని వదులుకుంది. సెప్టెంబరులో కార్మికులు తాము పెట్టుకున్న సంఘంతోనే ఒప్పందం కుదిరింది. మెక్సికో ఎగుమతి ఫ్యాక్టరీల్లో అలాంటిది అరుదు. ఈ మొత్తం ఉద్యమంలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. గెలిపించింది ఆవరణలో కూర్చున్న ఆడపిల్లల తెగువ, ఆ తెగువ గాలికి పోకుండా కాపాడింది ఒక పట్టికలోని ఒక వరుస.

విల్లా అల్తగ్రాసియా టోపీల వాళ్ళూ 2003లో యూనియన్ ఒప్పందం సాధించారు. నాలుగేళ్ళకు, 2007లో, ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆర్డర్లు చవక దేశాలకు వెళ్ళిపోయాయి. అడ్రసు తెలిసినంత మాత్రాన ఆర్డరు అక్కడే ఉంటుందన్న హామీ ఏమీ లేదు. 2010లో అదే ఊళ్ళో, జీవనవేతనం ఇచ్చి విశ్వవిద్యాలయాల బట్టలు కుట్టే అల్తగ్రాసియా అనే కొత్త ఫ్యాక్టరీ తెరుచుకుంది. అది వేరే కథ.

2005లో నైకీ తన ఉత్పత్తి మొత్తానికీ, 700కు పైగా ఫ్యాక్టరీల పట్టిక ప్రకటించింది. కొన్ని నెలలకు లీవైస్ కూడా. మిగతావాళ్ళలో ఎక్కువ మంది కదల్లేదు. వాళ్ళ చేతిలో వేరే ఆయుధం ఉంది: ఆడిట్. మేం అడ్రసు చెప్పం గానీ మా తరఫున ఆడిటర్ వెళ్ళి చూస్తాడు, నివేదిక మాకిస్తాడు, మీరు మమ్మల్ని నమ్మండి. కెల్లీ తనిఖీకీ దీనికీ పోలికే లేదు. ఆమెను పంపింది కొనేవాళ్ళు. ఇక్కడ ఆడిటర్‌కు డబ్బు ఇచ్చేది బ్రాండో ఫ్యాక్టరీయో. నివేదిక ఎవరికీ చూపించరు. వచ్చే రోజు చాలాసార్లు ముందే తెలుస్తుంది. ఆ రోజు మెట్ల మీద అట్టపెట్టెలు ఉండవు, తాళాలు తీసి ఉంటాయి, చిన్నపిల్లలు పనికి రారు.

2012 ఆగస్టులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్‌కు పేరున్న అంతర్జాతీయ సర్టిఫికెట్ ఒకటి వచ్చింది. సెప్టెంబరు 11న ఆ ఫ్యాక్టరీ తగలబడింది. కిటికీలకు ఇనుప చువ్వలు. దారులు మూసి ఉన్నాయి. 250 మందికి పైగా చనిపోయారు. నవంబరు 24న ఢాకా పక్కన ఆశులియాలో తజ్రీన్ ఫ్యాషన్స్. అలారం మోగితే, ఏం లేదు, పని చూసుకోండి అని సూపర్‌వైజర్లు కూర్చోబెట్టారు. కనీసం 112 మంది. బూడిదలోకి వెళ్ళిన కార్యకర్తలు వాల్‌మార్ట్ సొంత బ్రాండు బట్టల్నీ కొన్ని కాగితాల్నీ పట్టుకున్నారు. మా సరఫరాదారు మాకు చెప్పకుండా అక్కడికి పని మళ్ళించాడని వాల్‌మార్ట్ అంది.

అయిదు నెలలు. 2013 ఏప్రిల్ 23, మంగళవారం. ఢాకా దగ్గర సవార్‌లో రాణా ప్లాజా. కింద దుకాణాలు, ఒక బ్యాంకు శాఖ, పైన అయిదు బట్టల ఫ్యాక్టరీలు. దుకాణాలకని కట్టిన భవనం మీద అనుమతి లేకుండా అంతస్తులు లేపి, భారీ జనరేటర్లు పెట్టి, వేల మందిని కూర్చోబెట్టారు. ఆ రోజు స్తంభాలు పెద్ద చప్పుడుతో పగిలాయి. జనం బయటికి పరిగెత్తారు. చూడ్డానికి వచ్చిన ఇంజనీరు ఇందులో ఉండొద్దన్నాడు. యజమాని సొహెల్ రాణా మాత్రం టీవీ వాళ్ళతో ఏమీ కాలేదన్నాడు. మర్నాడు బ్యాంకు తెరవలేదు, దుకాణాలు తెరవలేదు. కుట్టుపని వాళ్ళు మాత్రం గేటు దగ్గరికి వచ్చారు. లోపలికి రాకపోతే నెల జీతం రాదని బెదిరించారు. ఆర్డరు గడువు దగ్గర పడుతోంది. తొమ్మిది కావస్తుండగా కరెంటు పోయింది, జనరేటర్లు ఆన్ అయ్యాయి, నిమిషాల్లో భవనం కుప్పకూలింది. 1,100 మందికి పైగా చనిపోయారు, దాదాపు 2,500 మంది గాయాలతో బయటపడ్డారు. ఆ అయిదింటిలో రెండు ఫ్యాక్టరీలకు ఆడిటర్లు అంతకు ముందే వచ్చి వెళ్ళారు. భవనం గట్టిదా కాదా అన్నది వాళ్ళ ప్రశ్నపత్రంలో లేదు.

శవాలు తీస్తుండగానే కార్మిక కార్యకర్తలు మరో పని మొదలుపెట్టారు. శిథిలాల్లో సిమెంటు దుమ్ము దులిపి చొక్కాల కాలర్లు తిరగేశారు. ట్యాగులు, కొలతల కాగితాలు, ఆర్డరు నంబర్లు ఏరి ఫొటోలు తీశారు. ఎందుకంటే ఏ బ్రాండుకు అక్కడ కుడుతున్నారో చెప్పే బహిరంగ పట్టిక ఎక్కడా లేదు. ప్రైమార్క్, కెనడాకు చెందిన జో ఫ్రెష్ తొందరగానే ఒప్పుకున్నాయి. బెనెటన్ మొదట ఆ ఫ్యాక్టరీలు మా సరఫరాదారులు కావంది. శిథిలాల్లో బెనెటన్ చీటీ ఉన్న చొక్కా ఫొటో పత్రికల్లోకి వచ్చింది, ఆర్డరు కాగితాలు బయటపడ్డాయి. అప్పుడు మాట మారింది: భారత్‌లోని మా సరఫరాదారు ఒకసారి అక్కడికి పని ఇచ్చాడట. పోయినవాళ్ళ కుటుంబాలకు ఎవరు డబ్బు కట్టాలో తేలాలంటే ఆ చీటీలే సాక్ష్యం. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆధ్వర్యంలో ఏర్పడ్డ 3 కోట్ల డాలర్ల నిధి నిండడానికి 2015 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. బెనెటన్ వాటా ఆ ఏడాదే వచ్చింది.

జనం కోపం చల్లారకముందే యూనియన్లు ఒక కాగితం ముందుకు తోశాయి. కొత్తగా రాసిందేమీ కాదు. అలాంటి ఒప్పందాన్నే 2011లో ఢాకా సమావేశంలో ముందుకు పెడితే ఖర్చు భరించలేమని పెద్ద కొనుగోలుదార్లు పక్కన పెట్టారు. ఈసారి మే 13న హెచ్ అండ్ ఎమ్, జారా యజమాని ఇండిటెక్స్ ఒప్పుకున్నాయి, మిగతావాళ్ళు వెంటవచ్చారు. బంగ్లాదేశ్ అకార్డ్ అన్న ఈ ఒప్పందానికి కోర్టులో నిలబడే బలం ఉంది. వాల్‌మార్ట్, గ్యాప్ మాత్రం ఆ బలమే నచ్చక వేరే కుంపటి పెట్టుకున్నాయి.

అకార్డ్‌లో నాకు నచ్చిన అంశం జరిమానాల కన్నా చిన్నది. ఏ ఫ్యాక్టరీకి ఏ లోపం ఉందో, ఎన్నాళ్ళలో బాగుచేయాలో, చేశారో లేదో అంతా పేరుతో సహా ప్రకటించారు. 1,600కు పైగా ఫ్యాక్టరీలు. నివేదికలు చదివితే విసుగు పుడుతుంది: తాళం పడే జాలీ గేటు తీసేయాలి, మెట్ల దారికి నిప్పు ఆపే తలుపు పెట్టాలి, మూడో అంతస్తులో బట్ట చుట్టలు పేర్చొద్దు, ఫలానా స్తంభం బలహీనం. అంత విసుగు పుట్టించే వివరాలే మనుషుల్ని కాపాడాయి. మాట తప్పిన రెండు బ్రాండుల మీద యూనియన్లు హేగ్ మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్ళాయి. ఒక బ్రాండు నుంచే 20 లక్షల డాలర్లకు పైగా రాబట్టి ఫ్యాక్టరీల మరమ్మతుకు మళ్ళించాయి.

కూలి సంగతి అడగొద్దు. రాణా ప్లాజా కూలిన నాటికి బంగ్లాదేశ్ బట్టల కార్మికుల కనీస వేతనం నెలకు 3,000 టాకాలు. ఆ డిసెంబరులో 5,300 అయింది. భవనాలు గట్టిపడ్డంత వేగంగా జీతాలు గట్టిపడలేదు.

2016లో హ్యూమన్ రైట్స్ వాచ్, క్లీన్ క్లోత్స్, కన్సార్టియం, మరికొన్ని సంఘాలు కలిసి బ్రాండుల ముందు ఒక ప్రతిజ్ఞ పెట్టాయి. ఫ్యాక్టరీ పూర్తి పేరు, అడ్రసు, మాతృసంస్థ, ఏం కుడుతుంది, సుమారుగా ఎంతమంది. అంతే. 72 కంపెనీలను అడిగితే, 2017 ఏప్రిల్‌లో నివేదిక వచ్చే నాటికి పూర్తిగా ఒప్పుకున్నవి 17. 2019 నుంచి ఈ పట్టికలన్నిటినీ ఒకచోట కలిపి మ్యాపు మీద పెట్టే ఉమ్మడి రిజిస్టరు కూడా వచ్చింది. పట్టికలు తిరగేస్తే మన ఊళ్ళ పేర్లూ కనిపిస్తాయి. హిందూపురం వైపు ఆడవాళ్ళు ‘గార్మెంట్స్‌కు పోతున్నా’ అంటారే, ఆ గార్మెంట్స్. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో బ్రాండిక్స్ సెజ్‌కు పొద్దున్నే కంపెనీ బస్సులు దింపే వేలమంది ఆడవాళ్ళు కుట్టేది విదేశీ బ్రాండుల లోదుస్తులు. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అక్కడి ఒక కుట్టు కంపెనీలో విషవాయువు వ్యాపించి వందల మంది స్పృహ తప్పి ఆసుపత్రుల పాలయ్యారు. అడ్రసు అందరికీ తెలిసిన చోటే. ఆ చుట్టుపక్కలే రసాయన ఫ్యాక్టరీలున్నాయన్న సంగతి ఏ బ్రాండు పట్టికలోనూ ఉండదు, ఉండాలని ప్రతిజ్ఞ అడగనూ లేదు.

ఇంకో లోటు ఉంది. పట్టికల్లో ఎక్కువ భాగం కుట్టు ఫ్యాక్టరీతోనే ఆగిపోతాయి. ఆ బట్ట నేసిన మగ్గం ఎక్కడ, రంగు అద్దిన చోటెక్కడ, నూలు వడికిన మిల్లు ఎవరిది, పత్తి తీసిన చేను ఏ జిల్లాది? చొక్కాకు ఇప్పుడు అడ్రసు వచ్చింది గానీ దారానికి ఇంకా రాలేదు. తమిళనాడు నూలు మిల్లుల్లో పెళ్ళి ఖర్చుకని ముద్ద సొమ్ము ఆశచూపి పల్లెటూరి ఆడపిల్లల్ని మూడేళ్ళు హాస్టళ్ళలో పెట్టి పని చేయించిన ‘సుమంగళి’ పద్ధతి ఏళ్ళ తరబడి బయటికి పొక్కకుండా సాగడానికి ఒక కారణం, ఆ మిల్లు నూలు చివరికి ఏ బ్రాండు చొక్కాలో తేలుతుందో ఎవరికీ తెలియకపోవడమే.

(వచ్చే భాగం: దిండిగల్ దారి)